ఎండలో తెల్లబడ్డ గుళికలు

ఐలమ్మ నన్ను పొద్దున చంపబోయి, మధ్యాహ్నానికి బతికించింది. మొదటి పనికి ఆస్పత్రివాళ్లు ఆమెకి అంతకుముందే శాలువా కప్పి ఉన్నారు. రెండో పనికి ఉద్యోగం తీసేశారు. మధ్యలో ఉన్న శరీరం నాది కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. కథలో నా పాత్ర మాత్రం గొప్పగా ఏమీ ఉండదు, ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు ధర్మరాజు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి, ఆఖరి బదిలీ సూరత్ అయింది కనుక అక్కడే రిటైరై, ఆల్థాన్‌లో ఫ్లాట్ కొనుక్కుని కూర్చున్నవాణ్ణి. పూర్తిగా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. ఈ మాట నా భార్య ఛాయాదేవి గొప్పగా చెప్పదు, విసుగ్గా చెబుతుంది. కథ జరిగిన రోజు నేను మత్తులో ఉన్నాను. అందుచేత హారతి అనే నర్సు చెప్పింది, ఐలమ్మ చెప్పింది, నా కేసు షీటులో రాసి ఉన్నది, అన్నీ కలిపి రాస్తున్నాను.

ఐలమ్మది సిద్దిపేట వైపు పల్లె. పద్మశాలీల పిల్ల. పదిహేడేళ్లకి రాజమల్లుతో పెళ్లయి సూరత్ రైలెక్కింది. రాజమల్లు పవర్‌లూమ్ కారఖానాలో మగ్గాలు నడిపేవాడు. ఆమె అదే కారఖానాలో ఒక మూల కూర్చుని కండెలు చుట్టేది. ఆ ఊళ్లో ఆ పనిని బాబిన్ భరాయి అంటారు. ఇరవై ఏళ్లు కండెలు చుట్టిన మనిషికి చదువు రాకపోయినా రంగు వస్తుంది. దారం చుట్టని కొంచెం తడిచేసి వేళ్ల మధ్య నలిపి, ఇది నిలిచే పక్కా రంగు, ఇది పోయే కచ్చా రంగు అని చెప్పేసేదిట. సేఠు కూడా ఒకటి రెండుసార్లు ఆమెని పిలిచి అడిగాడు. ఊదా రంగంటే మాత్రం ఆమెకి నమ్మకం లేదు. కొట్టు ముందు వేలాడదీసిన ఊదా చీర రెండు వారాల ఎండకి ఎలా వెలవెలబోతుందో ఆమె చాలాసార్లు చూసింది. మిగతా రంగులు కాస్తో కూస్తో నిలబడతాయి గాని ఊదా మొదట పోతుందని ఆమె సిద్ధాంతం. సిద్ధాంతం తప్పు కాదు. చీరల విషయంలో.

ఆమె ఇంట్లో పారేయడం అనే పని ఉండదు. తెగిన దారాలు ముడేస్తారు, గుడ్డ ముక్కలు బొంతలవుతాయి, బొంతలు చిరిగితే తుడుపుగుడ్డలవుతాయి. తుడుపుగుడ్డ చిరిగితే ఏమవుతుందో నేను అడగలేదు.

చూపు తగ్గి సన్నదారం కనిపించడం మానేశాక ఆమె కోసాడ్‌లో తన కాలనీకి దగ్గరగా ఉన్న ఒక ఇరవై పడకల ఆస్పత్రిలో చేరింది. దాని పేరు మనకి అనవసరం. కాన్పులు, హెర్నియాలు, పిత్తాశయంలో రాళ్లు, ఇలాంటివాటితో హాయిగా నడుస్తున్న ఆస్పత్రి. అక్కడ ఆయాలని మాసీ అని పిలుస్తారు, అంటే పిన్ని. ఊరంతా పిన్ని అని పిలుస్తుంది గాని పండక్కి చీర పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఐలా మాసీ పని ఆపరేషన్ థియేటర్ కడగడం, బట్టలు సర్దడం, యంత్రాలు తుడవడం.

ఆ యంత్రాల్లో పెద్దది మత్తు యంత్రం. కథంతా దాని చుట్టూ ఉంది కాబట్టి అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. నేను వారంరోజులు దాని కడుపులోంచి ఊపిరి పీల్చినవాణ్ణి. బయటికొచ్చాక హారతిని కూర్చోబెట్టి, అది విసుక్కునేదాకా ప్రశ్నలడిగి తెలుసుకున్నాను.

ఐసీయూలో ఉండే మామూలు వెంటిలేటరు జమీందారు. ప్రతి గుక్కకీ కొత్త గాలి పంపుతుంది, రోగి వదిలిన గాలిని బయట పారబోస్తుంది. మత్తు యంత్రం అలా కాదు, అది పుట్టిందే పొదుపు కోసం. ఖరీదైన మత్తుమందు గాలిలో కలిసిపోకుండా, రోగి వదిలిన గాలినే గుండ్రంగా తిప్పి మళ్లీ అతనికే పంపుతుంది. గొంతులో ఒక గొట్టం ఉంటుంది. దానికి ముడతలు ముడతలుగా ఉండే రెండు పైపులు, ఒకటి గాలి వచ్చే దారి, ఒకటి పోయే దారి. ఒక్కో దారిలో ఒక పల్చని బిళ్ల తలుపులా లేచి పడుతూ గాలిని ఒకవైపే పోనిస్తుంది. పైన గాజు బుర్రలో హార్మోనియం తిత్తి లాంటి నల్లటి తిత్తి ఒకటి ఉంటుంది. తిత్తి కిందికి దిగినప్పుడు నా ఛాతీ లేచేది. నేను గాలి వదిలినప్పుడు తిత్తి మళ్లీ పైకి లేచేది. నిమిషానికి పద్దెనిమిదిసార్లు మేమిద్దరం ఇలా ఒకరినొకరు లేపుకున్నాం.

వదిలిన గాలినే మళ్లీ పీల్చాలంటే అందులో ఉన్న బొగ్గుపులుసు వాయువుని తీసేయాలి కదా. ఆ పనికి యంత్రం పక్కన ఒక పారదర్శకమైన డబ్బా, అందులో తెల్లటి సున్నపు గుళికలు ఉంటాయి. వాళ్లు సోడాలైమ్ అంటారు, ఐలమ్మ సున్నపు గోలీలు అంటుంది. గాలి వాటి మధ్యనుంచి పోతున్నప్పుడు అవి ఆ వాయువుని పట్టేసుకుంటాయి. పట్టుకునేటప్పుడు వేడెక్కుతాయి. సత్తువ అయిపోగానే ఊదా రంగుకి తిరుగుతాయి. ఊదా అయితే పారేసి కొత్తవి పోయాలి. రూలు ఇంతే. టెక్నీషియను ఐలమ్మకి ఈ రూలు హిందీలో చెప్పాడు. తెలుపు మంచిది, ఊదా చెడ్డది, పారేయ్.

పారేయ్ అన్నదొక్కటే ఆమెకి రుచించలేదు.

కరోనా మొదటి అలకీ రెండో అలకీ మధ్య, దీపావళి వెళ్లిన వారంలో, ఒకరోజు సాయంత్రం పక్కన పెట్టిన ఊదా గుళికలు మర్నాటికి కాస్త తెల్లబడి ఉండడం ఆమె చూసింది. హారతి చెప్పిందాన్ని బట్టి అది సహజమే. విశ్రాంతి ఇస్తే గుళికల పైపొర రంగు మారుతుంది గాని లోపల సత్తువ రాదు. ఐలమ్మకి కనిపించింది వేరు. ఇది కచ్చా రంగు! రోగి నోటి మురికి ఏదో అంటుకుని ఊదా మరక పడుతోంది, కాస్త ఎండ తగిలితే పూర్తిగా వదిలిపోతుంది. ఆస్పత్రి మేడమీద పాత దుప్పటి పరిచి గుళికలు ఆరబోసింది. కాకులు రాకుండా కాపలా కూడా కాసిందిట. మూడో ఎండకి అవి వడియాల్లాగా తెల్లగా తయారయ్యాయి. చేట పట్టి చెరిగి, పొడి తీసేసి, ఖాళీ డబ్బాలో నింపి స్టోరులో పెట్టింది.

చీరల్లో ఊదా రంగుకి ఎండ ఏం చేస్తుందో గుళికల్లో ఉన్న రంగుకీ అదే చేస్తుంది. తేడా ఏమిటంటే, గుళికల్లో ఆ రంగు ఒక హెచ్చరిక, ఎండకి అది చచ్చిపోతుంది. చచ్చిన రంగు మళ్లీ రాదు. అంటే ఆ గుళికలు ఇక ఎప్పటికీ ఊదాకి తిరగవు, ఎంత వాడినా తెల్లగానే ఉంటాయి. పనికిరాని సరుకు కలకాలం కొత్తగా కనిపించే ఏర్పాటు అన్నమాట. మా బ్యాంకులో కొందరు అధికారులు ఉండేవాళ్లు ఇలాగే.

స్టోరులో సోడాలైమ్ డబ్బాలు తరగడం లేదని ఆస్పత్రి యజమాని గమనించాడు. అందరూ ఆయన్ని పెద్ద డాక్టరు అంటారు. వస్తువులు దుబారా చేయొద్దని ప్రతి సోమవారం ఉపన్యాసం ఇచ్చే మనిషి. కనుక్కుంటే మాసీ ఏదో జాగ్రత్త చేస్తోందన్నారు. ఏం జాగ్రత్త, ఎలా అని ఆయన అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే బాధ్యత పడుతుంది. ఇరవై ఆరు జనవరిన జెండా ఎగరేశాక అందరిముందూ ఐలమ్మకి శాలువా కప్పి, గుజరాతీలో రాసిన ప్రశంసాపత్రం చేతికిచ్చాడు. అది ఏమిటని ఆమె హారతిని అడిగింది. హారతి వాళ్ల నాన్న కూడా కరీంనగర్ నుంచి వచ్చిన మగ్గం మనిషే. పిల్ల మాత్రం సూరత్‌లో పుట్టి పెరిగింది. "మాసీ, నువ్వు బచత్ మస్త్ జేస్తవని రాసిన్రు" అని చెప్పింది. బచత్ అంటే పొదుపు.

ఇన్ని నెలలూ ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే అక్కడి మత్తు డాక్టరు చేయి ధారాళం. ఆపరేషనప్పుడు నిమిషానికి ఎనిమిది లీటర్ల తాజా గాలి వదిలేవాడు. అంత గాలి వస్తుంటే రోగి వదిలింది దాదాపు అంతా బయటికి కొట్టుకుపోతుంది, గుళికలకి పెద్దగా పనే ఉండదు. పని లేని చోట పనికిమాలినతనం బయటపడదు.

తర్వాత రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్ వచ్చింది. ఆ నెల సూరత్‌లో ఎలా గడిచిందో గడిపినవాళ్లకి చెప్పనక్కర్లేదు, గడపనివాళ్లకి చెప్పినా తెలియదు. ఛాయాదేవికీ నాకూ ఒకేసారి జ్వరం వచ్చింది. ఆమెది ఇంట్లోనే తగ్గింది. నాకు ఆయాసం వచ్చింది. ఆల్థాన్ చుట్టుపక్కల ఏ ఆస్పత్రిలోనూ మంచం లేదు. మా బ్యాంకు మిత్రుడొకడు నాలుగు గంటలు ఫోన్లు చేసి, తాపీ నది అవతల ఐలమ్మ పనిచేసే ఆస్పత్రిలో ఒక మంచం పట్టాడు. వాళ్ల దగ్గర వెంటిలేటర్లు రెండే, రెండూ నిండి ఉన్నాయి. నా ఊపిరి చాలకపోయేసరికి నన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తోసి మత్తు యంత్రానికి తగిలించారు. ఏ ఆపరేషనూ లేకుండా థియేటర్‌లో అన్ని రోజులు కాపురం పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

టెక్నీషియను అప్పటికే జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాడు. గుళికలు మార్చడం, పైపుల్లో చేరిన నీరు ఒంపడం, తిత్తి సరిగ్గా లేస్తోందో లేదో చూడడం అన్నీ ఐలమ్మ మీద పడ్డాయి. పగలు ఆమె, హారతి, మత్తు డాక్టరు, ఈ ముగ్గురే నా ప్రపంచం. నాకు ఆ సంగతి తెలియదు.

అయిదు రోజులు బాగానే గడిచింది. ఆరోరోజు ఆక్సిజన్ సిలిండర్ల లారీ రాలేదు. మత్తు డాక్టరు లెక్క వేసి చూస్తే ఒక చిత్రం బయటపడింది. మా యంత్రం ఆక్సిజన్ని నాకు పీల్పించడానికి మాత్రమే వాడడం లేదు, ఆ తిత్తిని బయటనుంచి నొక్కడానికి కూడా ఆక్సిజన్నే వాడుతోంది. తిత్తిని నొక్కిన ఆక్సిజన్ నా ముక్కుదాకా రాదు, నొక్కి నొక్కి గదిలోకి పోతుంది. కింద వార్డులో జనం ఒక్క సిలిండరు కోసం కొట్లాడుకుంటుంటే ఇక్కడ ఒక యంత్రం ఆక్సిజన్ని కండబలం కోసం వాడుకుంటోంది. ఆయన వెంటనే నొక్కే పనికి మామూలు గాలి గొట్టం తగిలించాడు. నేను పీల్చే తాజా గాలిని ఎనిమిది లీటర్లనుంచి ఒకటికి తగ్గించాడు. తప్పేమీ కాదు, ఆ యంత్రం పుట్టిందే అందుకు. గుళికలు తమ పని తాము చేస్తే ఒక్క లీటరు చాలు.

గుళికలు ఆ సాయంత్రం నిజంగానే పనిచేశాయి. డబ్బాలో ఉన్నవి అసలు సరుకు. పొద్దుటికి ఊదాకి తిరిగాయి. ఐలమ్మ వచ్చి చూసి, రూలు ప్రకారం తీసేసి తెల్లవి పోసింది. ఆ తెల్లవి మేడమీద ఎండినవి.

పది గంటలకల్లా నా రక్తపోటు పెరిగింది. గుండె పరుగెత్తింది. నుదుటిమీద చెమట పట్టింది. ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుని కొలిచే గీత ఒకటి తెరమీద ఉంటుంది. గాలి వదిలినప్పుడు అది లేవాలి, పీల్చినప్పుడు కిందికొచ్చి నేలకి ఆనాలి. ఆనడం లేదు. గంట గంటకీ నేల పైకి లేస్తోంది. అంటే నేను నా విషమే నేను మళ్లీ పీల్చుకుంటున్నాను.

మత్తు డాక్టరు మొట్టమొదట డబ్బావైపే చూశాడు. మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. "గుళికలు బాగున్నాయి, తప్పు వాటిది కాదు" అన్నాడు. ఇక మిగిలింది తలుపు బిళ్లలు. విప్పి చూశాడు, తుడిచి పెట్టాడు, మార్పు లేదు. పైపులు మార్చాడు, లేదు. తాజా గాలి మళ్లీ ఎనిమిది లీటర్లకి పెంచితే గీత కాస్త దిగింది. కాని అలా పెంచి ఉంచితే సాయంత్రానికి ఆస్పత్రిలో అందరి సిలిండర్లూ అయిపోతాయి. మళ్లీ తగ్గించాడు. చివరికి యంత్రం లోపలెక్కడో చెడిందని తేల్చి, నన్ను వేరే ఆస్పత్రికి పంపించేయాలన్నాడు. దారిలో చేత్తో గాలి సంచీ నొక్కుతూ తీసుకెళ్లాలి. ఏ ఆస్పత్రికి, మంచం ఎక్కడుంది, దారిలో ఎంతసేపు బతుకుతాడు, ఇవేవీ ఎవరికీ తెలియవు. ఛాయాదేవికి ఫోన్ చేసి ఒప్పుకోలు అడిగారు. ఆమె ఏం చెబుతుంది పాపం, సరే అంది.

ఐలమ్మ తలనుంచి కాళ్లదాకా ఆ తెల్లటి ప్లాస్టిక్ తొడుగులో, గోడ పక్కన తుడుపుకర్ర పట్టుకుని నిలబడి ఉంది. గుళికలు బాగున్నాయన్న మాట ఆమె విన్నది. స్ట్రెచరుకి దారివ్వడానికి జరిగి, పడకుండా యంత్రం మీద చేయి వేసింది. చేయి డబ్బా మీద పడింది.

చల్లగా ఉంది. కొత్త సరుకు విప్పిన రోజు డబ్బా తుడుస్తుంటే వెచ్చగా తగులుతుందని, తను ఎండబెట్టినవి పోసిన రోజు చల్లగా ఉంటుందని ఆమెకి ఎప్పటినుంచో తెలుసు. చలికాలంలో కొత్త డబ్బా మీద కాసేపు చేతులు కాచుకునేదిట కూడా. దానికొక అర్థం ఉందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

రాజమల్లు కారఖానా పోయినేడాది మూతపడింది. తెరిచాక అతన్ని పిలవలేదు. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. చెబితే ఆ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నేను పోతాను, యంత్రం చెడిపోయిందని కాగితం మీద రాసుకుంటారు, ఎవరూ ఆమె పేరెత్తరు. నాతో ఆమెకి చుట్టరికమా, స్నేహమా? నా కళ్లు తెరిచి ఉండగా ఆమె నన్ను చూడను కూడా లేదు.

హారతి నా మంచం చక్రాలకి అడ్డు తీస్తూ అంది. "మాసీ, జర జరుగు. స్ట్రెచర్ రావాలె."

"హారతీ, గా గోలీలు కొత్తయి గావే."

"ఏంది?"

"కొత్తయి గావు. ఊదావే. నేనే మాడిమీద ఎండకు వోసిన, తెల్లగైనయి. పొద్దుగాల గవ్వే నింపిన. డబ్బ పట్టుకొని జూడు, సల్లగుంది. ఆయనను ఎటు తీస్కపోకున్రి. తప్పు నాది."

హారతి గుజరాతీలోకి మార్చి చెప్పింది. మత్తు డాక్టరు రెండు జతల గ్లవ్‌ల మీదనుంచే డబ్బా పట్టుకుని చూశాడు. స్టోరులోంచి సీలు తీయని డబ్బాలు తెమ్మన్నాడు. అలాంటివి ఏడు డబ్బాలున్నాయి. ఐలమ్మ అన్ని నెలలుగా పొదుపు చేసింది మరి. ఆ రోజు ఊరంతా తిరిగినా ఒక్క డబ్బా దొరికేది కాదుట.

కొత్తవి పోశారు. పది నిమిషాల్లో డబ్బా వెచ్చబడింది, గీత దిగి దిగి నేలకి ఆనింది. ఛాయాదేవికి ఫోన్ చేసి, మార్చనక్కర్లేదు, ఇక్కడే ఉంచుతున్నాం అన్నారు. ఎందుకో చెప్పలేదు. కేసు షీటులో మత్తు డాక్టరు రాసింది రెండే ముక్కలు: గుళికలు మార్చాం, మెరుగైంది. మర్నాడు ఒక వెంటిలేటరు ఖాళీ అయింది. ఎందుకు ఖాళీ అయిందో అడగకండి. నన్ను దానికి మార్చారు. మే నెల మొదట్లో నేను సొంతంగా ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాను.

ఐలమ్మని పెద్ద డాక్టరు వెంటనే తీసేయలేదు. తీసేస్తే ఆ పీడకాలంలో పనికి ఇంకెవరొస్తారు? అల తగ్గేదాకా ఉంచుకున్నాడు. ఈలోగా ఒక కాగితం కావలసివచ్చింది.

డిశ్చార్జి రోజున ఆ కాగితం పట్టుకుని ఆయనే స్వయంగా నా గదికి వచ్చాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. సహాయ సిబ్బందిలో ఒకామె అనుమతి లేకుండా వాడేసిన సరుకు వాడినందువల్ల నా ప్రాణానికి ముప్పు వచ్చిందని, ఆమె మీద తగిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నానని, ఆస్పత్రి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని సారాంశం. పేరు కూడా ఉంది. చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో ఒక మనిషి చెత్తబుట్టలో వేయవలసింది నా ఊపిరితిత్తుల్లో వేసిందన్న కోపం. ఇన్ని రోజుల భయానికి ఒక పేరు దొరికిందన్న తృప్తి. "ఇంటికెళ్లాక చూసుకోవచ్చు కదండీ" అంది ఛాయాదేవి. నేను మూడుసార్లు చదివాను. రెండో పేరాలో ఒక కామా లేకపోతే పెట్టాను. సంతకం చేశాను. ఆస్పత్రిలో చేరాక చేయి వణక్కుండా చేసిన మొదటి సంతకం అది. ఆ తప్పు బయటపడింది ఎలా అని మాత్రం నేను అడగలేదు. పెద్ద డాక్టరుని ఇందాక దెప్పాను గాని, నేనూ ఆ బడిలోనే చదివాను.

నెల తర్వాత, వీపుమీద పడ్డ పుండుకి కట్టు కట్టడానికి హారతి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. తెలుగు నర్సని ఛాయాదేవే పిలిపించింది. మూడోరోజో నాలుగోరోజో కట్టు కడుతూ, "అంకుల్, మీరు బతికిన్రంటే ఐలా మాసీ వల్లనే. పాపం ఆమెను తీసేసిన్రు తెల్సా?" అంది. నేను బోర్లా పడుకుని ఉన్నాను కనుక నా ముఖం ఆ పిల్లకి కనిపించలేదు. మొత్తం చెప్పించుకున్నాను. సంతకం సంగతి దానికి తెలియదు. నేను చెప్పలేదు.

జూలైలో ఒక ఆదివారం, అడ్రసు రాయించుకుని, ఛాయాదేవికి కూడా చెప్పకుండా ఆటో ఎక్కి కోసాడ్ వెళ్లాను. ప్రభుత్వం కట్టిన కాలనీ, ఒకదాని పక్కన ఒకటి ఒకేలాంటి భవనాలు, లిఫ్టు లేదు. మూడు అంతస్తులు ఎక్కడానికి నాకు పావుగంట పట్టింది. నిజం చెప్పేద్దామని వెళ్లాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని, వరస కూడా పెట్టుకుని వెళ్లాను. అమ్మా, ఆ కాగితం మీద సంతకం నాది, నాకు అప్పుడు సగమే తెలుసు, క్షమించు, నీ ఉద్యోగం తిరిగి ఇప్పించే పూచీ నాది. నాలుగు ముక్కలు.

తలుపు తీసిన మనిషి పొట్టిగా, నెరిసిన జుట్టుతో, వేళ్లకి జిగురుతో ఉంది. ఇంట్లో చీరలు పరిచి ఉన్నాయి. చీరకి మెరుపు రాళ్లు అతికించే పని ఇంటికి తెచ్చుకుని చేస్తోంది. నన్ను ఒక్క క్షణం చూసింది. ముఖం చూడలేదు, ఛాతీ చూసింది, అది లేచి పడుతోందా అని.

"ఓటీల మిషన్ మీదున్న సారు గదా మీరు! నడుసుకుంట వచ్చిన్రా? ఓ రాజమల్లూ, లెవ్వయ్యా, సారొచ్చిండు. గీ కుర్చీల కూసోన్రి సార్. నీళ్లు తెస్త."

ఆమె ముఖంలో అంత సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. రోగం వచ్చి తగ్గినవాళ్లకి ఊరికే కళ్లనీళ్లొస్తాయి లెండి అని సర్దుకున్నాను. టీ ఇచ్చింది. నేను వచ్చిన పని మొదలుపెట్టడానికి, "ఆ రోజు నువ్వు చెప్పకుండా ఉంటే నీ పని ఉండేది కదమ్మా" అన్నాను.

"పనుండు సార్. మీరు ఉండకపోదురు." జిగురు వేళ్లు కొంగుకి తుడుచుకుంది. "అబద్ధమెందుకు, నేనేం జల్ది చెప్పలె. స్ట్రెచర్ వచ్చేదాంక ఊకున్న. చెప్పకుంటే ఏమైతది అనుకున్న ఒక్కపారి. గంతే, ఒక్కపారే. గప్పుడు మీ కాళ్లు దుప్పట్లకెళ్లి బయటికున్నయి, ఆటిని జూసిన. మా ఆయన కాళ్ల లెక్కనే పగిలి ఉన్నయి."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"సార్, మీరొచ్చింది మంచిదైంది" అంది ఆమె ముందుగా. "నేనే ఎవలతోనన్న కబురు పంపుదామనుకున్న. పెద్ద డాక్టరు నన్ను తప్పు జేసినందుకు తీసేసిండంటే నాకు రందిలేకుండు. తప్పు చేసిన, ఒప్పుకున్న. గని ఆయన ఏమన్నడో తెల్సా? పేషంటే నీ మీద రాసిచ్చిండు, నన్నేం జెయ్యమంటవ్ అని ఒక కాయిదం జూపిచ్చిండు. నాకు సదువు రాదని. గొంతుల గొట్టమున్న మనిషి ఎట్ల రాస్తడు సార్? నేను గదే అడిగిన. ఎవ్వలు ఇనలే. గా సంతకం దొంగ సంతకం. మీరొక్కపారి ఆస్పత్రికి పోయి, నేను రాయలేదు అని ఒక్క మాట జెప్పున్రి. సదువుకున్నోళ్లు, మీ మాట ఇంటరు. నన్ను మళ్ల తీస్కుంటరు."

రాజమల్లు పక్కనుంచి తల ఊపాడు. "ఆమెకు మీరంటే గంత నమ్మకం సార్. గా సారు అసొంటోడు గాడు, ఆయన రాయడు అని దినాం అంటది."

టీ గ్లాసు చేతిలో ఉంది. ఇంటిదగ్గర వరస పెట్టుకున్న నాలుగు ముక్కలూ నోటిదాకా వచ్చాయి.

"కనుక్కుంటాను" అన్నాను.

ముప్పై నాలుగేళ్లు కౌంటరు అవతల నిలబడినవాళ్లతో నేను అన్న మాటే అది. అది విన్నవాళ్లు ఇంటికెళ్లిపోవాలని, మళ్లీ రాకూడదని దాని ఉద్దేశం. ఐలమ్మకి ఆ సంగతి తెలియదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "గంతే సాలు సార్" అంది.

నన్ను ఆటోదాకా దిగబెట్టడానికి మెట్లవెంట వచ్చింది. ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. రెండో అంతస్తు దగ్గర నేను ఆగాను. ఆమెవైపు తిరిగాను. అమ్మా అన్నాను.

"మాట్లాడకున్రి సార్, ఊపిరి తప్పుతది" అంది.

నేను మాట్లాడలేదు.